గ్రీజు కాదు, నూనె

గ్రీజు గన్ను చేతపట్టి కారు కిందికి దూరబోతున్న మేస్త్రీని ఆపడం అంత తేలిక కాదు. సాలూరు లారీల దగ్గర పని నేర్చుకుని, విజయనగరం ఊరి చివర సొంత షెడ్డు వేసుకున్న మనిషి ఆయన. నిప్పిలు కనబడితే గ్రీజు కొట్టడం ఆయన కళ్ళు మూసుకుని చేసే పని.

"అది వద్దు మేస్త్రీ. దీనికి గేరాయిలు కొట్టాలి. తొంభై నంబరు."

"ఏటి బావూ! ముందు సక్రానికి గేరాయిలేటండి? కారిపోదేటి?"

"కారాలి. పైన అంచులోంచి చుక్క బయటికొచ్చేదాకా కొట్టాలి. లోపల పిన్ను లేదు, మరలుంది."

మేస్త్రీ గన్ను పక్కన పెట్టేశాడు. బనియను గుడ్డతో మురికి తుడిచి, టార్చిలైటు వేసి చూశాడు. పసుపుపచ్చగా మెరిసింది. "ఇత్తడి! నానింతకాలం ఇనుమనుకున్నానండి. ఇత్తడయితే బేగి అరిగిపోదేటి మరి?" అన్నాడు. అడగవలసిన ప్రశ్న అదే. దానికి జవాబు దొరికాకే కారు మీద చెయ్యి వేయాలన్నది ఈ వ్యాసకర్త చాలా ఏళ్ళుగా నమ్ముతున్న మాట.

ఆ కారు 1960లనాటి స్టాండర్డ్ హెరాల్డ్. దాని ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ అడుగు కొసకు మర కోసి ఉంటుంది. ఆ మర ఇత్తడి దిమ్మెలోకి దిగుతుంది. దిమ్మె పేరు ట్రనియన్. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఉక్కు మర ఇత్తడి మరలో కాస్త ఎక్కుతుంది, కాస్త దిగుతుంది. మెత్తటి ఇత్తడి అరిగినా గట్టి ఉక్కు నిలవాలన్నది దాన్ని రూపొందించినవాళ్ళ ఆలోచన. నూనె అయితే మరల సందుల్లోకి పాకి అడుగుదాకా చేరుతుంది. గ్రీజు చేరదు, పైనే గడ్డకడుతుంది. కింద పొడిగా మిగిలిన మరలోకి వానాకాలంలో నీళ్ళు చేరతాయి. ఉక్కు లోలోపల తుప్పు పట్టి, ఒక రోజు కారు నిలపడానికి స్టీరింగు పూర్తిగా తిప్పిన సమయంలో పుటుక్కున తెగుతుంది. చక్రం మడ్గార్డు కిందికి ఒరిగిపోతుంది. ఇదే రకం ట్రనియన్‌ను లోటస్ సంస్థ తన ప్రఖ్యాత స్పోర్ట్స్ కారు ఎలాన్‌లోనూ వాడింది. కాబట్టి వస్తువులో లోపమేమీ లేదు. దానికి ఏం పోయాలో తెలియకపోవడమే లోపం.

స్పోర్ట్స్ కారు మాట వచ్చింది కనుక ఒక విషయం చెప్పుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత స్పోర్ట్స్ కార్లకోసం వెతికితే దొరికేవి కావు. దిగుమతులకు తలుపులు మూసేసిన ఆ రోజుల్లో మామూలు గృహస్థుకు అందుబాటులో ఉన్నవి మూడే మూడు కార్లు. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్. ఈ మూడింటిలో హెరాల్డ్‌కు స్పోర్ట్స్ కారుతో దగ్గరి రక్తసంబంధం ఉంది.

1959 ఏప్రిల్‌లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ విడుదలైంది. రూపం గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. అప్పటికి మిగతా కంపెనీలు అడుగు చట్రం వేరుగా లేకుండా బాడీయే బరువు మోసే కార్లవైపు వెళ్ళిపోతున్నాయి. స్టాండర్డ్ ట్రయంఫ్‌కు ఆ దారి మూసుకుపోయింది. వాళ్ళకు బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో సంస్థ పోటీదారు బీఎంసీ చేతిలోకి వెళ్ళిపోవడంతో పూర్తి బాడీ చేసిపెట్టేవాళ్ళు కరువయ్యారు. చేసేది లేక పాతకాలపు పద్ధతిలో విడి ఛాసిస్ పెట్టి, బాడీని ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించి బోల్టులతో బిగించారు. ఇబ్బందిలో తీసుకున్న ఆ నిర్ణయమే తర్వాత వరమైంది. విడి ఛాసిస్ కాబట్టి దాన్ని పొట్టిది చేసి పైన ఇంకో బాడీ కూర్చోబెట్టవచ్చు. మికెలోట్టి అదే చేశాడు. 91.5 అంగుళాల చక్రాల దూరాన్ని 83 అంగుళాలకు తగ్గించి రెండు సీట్ల టాపులేని బండి ఒకటి తయారుచేశాడు. కంపెనీ అప్పుల్లో ఉండటంతో ఆ నమూనా ఫ్యాక్టరీ మూలన దుప్పటి కింద పడిపోయింది. 1961లో కంపెనీని కొన్న లేలాండ్ అధికారులు దుప్పటి తీసి చూసి, తయారీకి సరేనన్నారు. 1962లో అది స్పిట్‌ఫైర్‌గా బయటికొచ్చి 1980 దాకా మూడు లక్షలకు పైగా అమ్ముడైంది.

స్పిట్‌ఫైర్ ఇంజను కూడా పరాయిది కాదు. 1953లో స్టాండర్డ్ ఎయిట్ అనే బుల్లి కారుకోసం పుట్టిన 803 సీసీ ఇంజను పెరుగుతూ హెరాల్డ్‌లో 948 అయింది. స్పిట్‌ఫైర్‌లో 1147తో మొదలై చివరికి 1493 దాకా వెళ్ళింది. మన దేశంలో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ మద్రాసు దగ్గర వండలూరులో 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్‌లో ఉన్నది ఆ 948 సీసీ ఇంజనే. విజయనగరంలో ఎవరి ఇంటి వరండాలోనైనా హెరాల్డ్ నిలబడి ఉంటే, అక్కడ స్పిట్‌ఫైర్ పెద్దన్న నిలబడి ఉన్నట్టే.

ఇంటి దగ్గర పని చేసుకునేవాడికి ఈ కారంత అనువైనది ఇంకోటి లేదు. బోనెట్ రెండు మడ్గార్డులతో సహా ముక్కు దగ్గర కీలు మీద ముందుకు వాలిపోతుంది. ఇంజనూ ముందు చక్రాలూ స్టీరింగు కడ్డీలూ అన్నీ బయటపడతాయి. ముందు టైరు మీద కూర్చుని కార్బురేటర్ సరిచేయవచ్చు. కారు ఇరవైఅయిదు అడుగుల వెడల్పులో గుండ్రంగా తిరిగిపోతుంది. విజయనగరం గంటస్తంభం దగ్గరి సందుల్లో ఎదురుగా రిక్షా వచ్చినా కంగారు ఉండదు. టాపెట్ల సందు పది థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), చల్లగా ఉన్నప్పుడు. ఆదివారం పొద్దున్న కాఫీ తాగేలోపు ఫీలర్ గేజి పెట్టి ఎనిమిదీ చూసెయ్యొచ్చు.

శ్రీకాకుళంలో చిన్నప్పుడు ఈ వ్యాసకర్త చూసిన మొదటి హెరాల్డ్ జ్ఞాపకమంతా దాని వెనక చక్రాలే. అరసవల్లి దర్శనానికి ఒక డాక్టరుగారి కుటుంబం అందులో వచ్చేది. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు ఎక్కగానే చక్రాల పైభాగాలు లోపలికి వాలి, అడుగులు బయటికి చాచుకునేవి. బస్తా ఎత్తుకున్న మనిషి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడినట్టు ఉండేది. వాళ్ళు దిగగానే చక్రాలు మళ్ళీ లేచి నిలబడేవి. పిల్లలందరికీ అదొక వినోదం. అది చెడిపోయిన కారని పెద్దవాళ్ళు అనుకునేవారు. చాలామంది యజమానులూ అలాగే అనుకున్నారు. ఆ అనుమానంలోంచి పుట్టిన మరమ్మతే హెరాల్డ్‌కు జరిగిన పెద్ద అన్యాయం.

మరమ్మతు ఏమిటంటే, వెనక కమాను కట్టలో ఇంకో పట్టీ వేయించడం. లారీకి బరువు ఎక్కువైతే చేసే పనే. పట్టీ వేశాక వెనక భాగం లేస్తుంది, ముగ్గురు కూర్చున్నా చక్రాలు నిటారుగా ఉంటాయి, చూసేవాళ్ళకు కారు బాగుపడినట్టే ఉంటుంది. నిజానికి జరిగేది వేరు. ఈ కారులో వెనక ఇరుసు ఒకే కడ్డీ కాదు. మధ్యలోని డిఫరెన్షియల్ దగ్గరినుంచి రెండు సగాలుగా, పక్షి రెక్కల్లా ఊగుతుంది. అడ్డంగా పరిచిన ఒకే కమాను రెండు చక్రాలనూ మోస్తుంది. వెనక భాగం కిందికి దిగితే చక్రాల తలలు లోపలికి వాలతాయి. అది ప్రమాదం కాదు, ఆ స్థితిలో టైరు రోడ్డును గట్టిగానే పట్టుకుంటుంది. ప్రమాదమంతా వెనక భాగం పైకి లేచినప్పుడే. మలుపులో వేగంగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలితే బయటివైపు చక్రం కారు కిందికి ముడుచుకుపోతుంది, వెనక భాగం ఇంకా లేస్తుంది, కారు గిర్రున తిరిగిపోతుంది. అంటే అదనపు పట్టీ వేయించినవాడు ఏ స్థితిని చూసి భయపడాలో ఆ స్థితిలోనే కారును శాశ్వతంగా నిలబెట్టాడు. ముగ్గురిని ఎక్కించుకున్నప్పటికంటే ఒక్కడే నడిపేటప్పుడు దానికి ముప్పు ఎక్కువ.

తయారీదారులకు ఈ సంగతి తెలియక కాదు. 1970లో వచ్చిన స్పిట్‌ఫైర్ నాలుగో రకంలో కమాను కట్టలో ఒక్క పట్టీని మాత్రమే గట్టిగా బిగించి మిగతావి మధ్యలో ఊగేలా వదిలేశారు. మలుపుల్లో కారు ఒరిగినా రెండు చక్రాలూ ఒకదాన్నొకటి పైకి ఎగదోసుకోవు. మద్రాసువాళ్ళు ఇంకో దారి పట్టారు. 1968లో నాలుగు తలుపుల హెరాల్డ్ తీసుకొచ్చి, 1972లో దాన్నే గెజెల్‌గా మార్చినప్పుడు ఊగే ఇరుసు తీసేసి మామూలు ఒంటి ఇరుసు పెట్టేశారు. కుటుంబాలతో నిండి గతుకుల రోడ్ల మీద తిరిగే కారుకు అది సరైన మార్పే. 1977కల్లా ఆ తయారీ కూడా ఆగిపోయింది. ఆ తర్వాత అదే కంపెనీ స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారుతో 1985లో మళ్ళీ ప్రయత్నించి మూడేళ్ళకే చేతులెత్తేసింది.

ఇంట్లో హెరాల్డ్ ఉన్నవాడు చేయవలసిన మార్పు కాబట్టి పైకి లేపడం కాదు. అలిసిపోయిన కమానును తిరిగి సరైన వంపుకు కొట్టించి, వీలైతే కొద్దిగా కిందికి దించుకోవడం. సాలూరు లారీ షెడ్లలో కమాను పట్టీలు కాల్చి వంచి నీళ్ళలో ముంచే మేస్త్రీల చేతిపని చూసినవాళ్ళకు ఇది మన దగ్గర అసాధ్యమేమీ కాదని తెలుసు. ఎంత వంపు కావాలో చెప్పగలిగిన యజమాని మాత్రం కావాలి.

తెలియని మార్పుల గురించి ఇంతగా చెప్పాక, తెలిసిన చేతుల గురించి కూడా చెప్పాలి. కోయంబత్తూరు ప్రాంతపు నాయుళ్ళలో చాలామంది ఇళ్ళల్లో తరతరాలుగా తెలుగే మాట్లాడుకుంటారు. అలాంటి ఇంట్లో 1893లో పుట్టిన జి.డి.నాయుడు కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి నడిపే రడ్జ్ మోటారు సైకిలు చూసి ఆశపడ్డాడు. హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి ఆ బండే కొన్నాడు. కొన్నాక చేసిన మొదటి పని దాన్ని ఎక్కడికక్కడ విప్పేయడం. విప్పినదాన్ని తిరిగి బిగించుకుంటూ యంత్రం అంటే ఏమిటో నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సు నడపడంతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టాడు. ఆయన పేరు మీద ఉన్న ధర్మసంస్థ 2015లో కోయంబత్తూరులో పాత కార్లకోసం ఒక మ్యూజియం తెరిచింది. అదే ఊళ్ళో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్.కరివర్ధన్ మారుతి 800 ఇంజను తీసి ఒంటిసీటు రేసు కారులో పెట్టి, ఫార్ములా మారుతి పేరుతో ఈ దేశపు కుర్రాళ్ళకు అందుబాటు ధరలో రేసింగు నేర్పాడు. 1995లో చిన్న విమానం కూలి ఆయన చనిపోయాడు. ఈరోజు కోయంబత్తూరు రేసు ట్రాకు ఆయన పేరుతోనే ఉంది.

వీళ్ళిద్దరి కథల్లో ఈ వ్యాసకర్తను పట్టి ఉంచేది ఒక్కటే. మార్చడానికి ముందు విప్పారు. విప్పినదాన్ని మళ్ళీ మునుపటిలాగే బిగించగలిగాకే మార్చారు.

ఉత్తరాంధ్రలో పాత కారుకు మనిషికన్నా పెద్ద శత్రువు గాలి. కళింగపట్నం, భీమిలి వైపునుంచి వచ్చే ఉప్పుగాలి ఎంత లోపలికి వస్తుందో తెలియాలంటే ఇంటి కిటికీ చువ్వలు చూసుకుంటే చాలు. హెరాల్డ్ ఛాసిస్‌కు రెండు పక్కలా రెక్కల్లా బయటికొచ్చే చేతులుంటాయి, బాడీ వాటి మీద కూర్చుంటుంది. నీళ్ళూ బురదా చేరి తుప్పు మొదలయ్యేది అక్కడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు చాలామంది బళ్ళమీద టార్పాలిన్లు బిగించి కట్టారు. గాలివానకు అది అవసరమే. వాన వెలిసిన మర్నాడే దాన్ని విప్పేయాలి. ప్లాస్టిక్ కింద చిక్కిన తేమ ఎండకు ఆవిరై రేకును లోపలినుంచి తింటుంది. నూలు దుప్పటి కప్పితే దుమ్ము కొంచెం పట్టినా కారు గాలి పీల్చుకుంటుంది. తుప్పు కనబడ్డ చోట లప్పం పెట్టి పైన రంగు వేయించడం ఇంకా ఘోరం. మూసిన పుండు మానదు. కుళ్ళిన రేకు కోసి తీసి, కొత్త రేకు అతికించాలి.

తుప్పు వదిలించడానికి ఈ ప్రాంతంలో చవకైన మందొకటి ఉంది. చెరకు మొలాసిస్ మడ్డి. ఒక వంతు మడ్డికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి ప్లాస్టిక్ తొట్టిలో పోసి, తుప్పుపట్టిన బ్రాకెట్లూ బోల్టులూ కీళ్ళూ అందులో వేసి పదిహేను రోజులు మరిచిపోవాలి. మడ్డిలోని పదార్థాలు తుప్పును పట్టుకుని నీళ్ళలోకి లాగేస్తాయి, కింద ఉన్న మంచి ఇనుమును వదిలేస్తాయి. వాసన మాత్రం భరించలేరు, తొట్టి పెరటి చివర పెట్టుకోవాలి. అల్యూమినియం వస్తువులు పొరపాటున కూడా వేయకూడదు, అవి కరిగిపోతాయి. బయటికి తీసి కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె రాయకపోతే సాయంత్రానికి మళ్ళీ ఎర్రబడుతుంది.

ఆ చెరకు మడ్డితోనే ఇథనాల్ కూడా తయారవుతుంది. ఇప్పుడు దేశమంతా పెట్రోలు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. హెరాల్డ్‌లోని రబ్బరు గొట్టాలూ, పెట్రోలు పంపు లోపలి పొరా ఇథనాల్ అంటే ఏమిటో తెలియని రోజుల్లో తయారైనవి. అది వాటిని మెత్తబరుస్తుంది, చీలుస్తుంది. పైగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి కదలని కారులో ఉక్కు ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు రేగుతుంది. చెరకు ఒక చేత్తో తుప్పు తీసి ఇంకో చేత్తో తుప్పు పెడుతోంది. ఇక్కడ మార్చక తప్పదు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, కొత్త పొర వేయాలి, ఇంజను పక్కన పెట్రోలు కారితే కారు కాదు, ఇల్లు పోతుంది. పాతదే ఉండాలని పట్టుబట్టేవాళ్ళమీద ఈ వ్యాసకర్తకు గౌరవమే గానీ, ఈ ఒక్క చోట వాళ్ళతో ఏకీభవించడు.

బ్రేకులదీ అలాంటి కథే. బ్రేకు ఆయిలు కూడా తేమ పీల్చేదే. మన దగ్గరి వానాకాలం గాలిలో అది ఇంకా తొందరగా పాడవుతుంది. ఏడాదికోసారి మొత్తం తీసేసి కొత్తది పోయకపోతే చక్రాల దగ్గరి సిలిండర్లు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. దీనికి మెకానిక్కు అక్కర్లేదు. పెడలు తొక్కడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉంటే చాలు.

విడిభాగాల సంగతికి వస్తే, దారులు రెండు. చెన్నై పుదుప్పేటలో పాత సామాన్ల సందుల్లో వెతకడం ఒకటి. ఇంగ్లండులో ట్రయంఫ్ వస్తువులు ఇంకా కొత్తగా చేసి అమ్మేవాళ్ళ దగ్గర తెప్పించుకుని సుంకం కట్టడం రెండోది. మొదటిది ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. అందుకే మూడోది కూడా చూడాలి, అది ఇంటి పక్కనే ఉంది. నెల్లిమర్ల, రాజాం జూట్ మిల్లుల యంత్రాలకూ, గరివిడి ఫ్యాక్టరీకీ పనిచేసి పెట్టిన లేత్ మేస్త్రీల తరం ఈ రెండు జిల్లాల్లో ఇంకా పూర్తిగా పోలేదు. ఒక అరిగిన బుష్ తీసుకెళ్ళి పెడితే వేలితో తడిమి ఎంత తేడా ఉందో చెప్పేవాళ్ళు వాళ్ళు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పోతపోసే కళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఇత్తడి బిందె అందంకోసం పుట్టింది, ట్రనియన్ లోహం వేరే కలయిక, బరువుకు తట్టుకునేది. బుడితి మూసలో కారు భాగం పోయించమని ఎవరూ అనరు. అయినా ఇత్తడి ఎక్కడ మెత్తన, ఎక్కడ పెళుసు అని తెలిసిన చేతులు ఇన్ని తరాలుగా ఉన్న నేల మీద నిలబడి, ఇత్తడి దిమ్మెను ఇనుమనుకుని గ్రీజు కొట్టేయడం మాత్రం బాధగా ఉంటుంది.

ప్రభుత్వం దృష్టిలో కూడా మార్పు, మరమ్మతు ఒకటి కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట నమోదు చేసిన వివరాలకు విరుద్ధమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను మళ్ళీ గట్టిగా చెప్పింది. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులు లేకుండా తొలి రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. రుసుము 20 వేలు, గడువు పదేళ్ళు. రోజువారీ పనులకు మాత్రం వాడకూడదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్ళొచ్చు. హెరాల్డులు చాలావరకు ఇప్పుడు ఆ వయసుకు వచ్చేశాయి.

చట్టం సరే. ఈ వ్యాసకర్త తనకు తాను పెట్టుకున్న నియమం ఇంకోటి ఉంది. ఏ మార్పు చేసినా, తర్వాత వచ్చేవాడు పానాతో విప్పి మునుపటి స్థితికి తేగలగాలి. బోల్టుతో బిగించేదయితే పర్వాలేదు. ఛాసిస్‌కు రంధ్రం వేసేదో, వెల్డింగు పెట్టేదో అయితే వద్దు. రెండు ఎస్‌యూ కార్బురేటర్లు పెట్టుకోవచ్చు, స్పిట్‌ఫైర్‌కు ఉన్నవే, పాతదాన్ని అటకమీద దాచుకుంటే చాలు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టుకోవచ్చు. అయితే ఆ కాలపు బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉండేదన్న సంగతి మరవకూడదు. తీగలు మార్చకుండా కొత్త ఎలక్ట్రానిక్ వస్తువు బిగిస్తే అది బిగించిన నిమిషంలోనే కాలిపోతుంది. బోనెట్‌కు రంగు మార్చినా సరే. కానీ స్టీరింగు స్పందన బాగుంటుందని ఛాసిస్ కోసి వేరే కారు ముందు భాగం అతికించడం మాత్రం ఈ వ్యాసకర్త క్షమించలేడు. అప్పుడు మిగిలేది హెరాల్డ్ కాదు. దాని రేకులు తొడుక్కున్న ఇంకేదో.

అందుకే ఈ వ్యాసకర్త వరండాలో ఒక పాత ట్రంకుపెట్టె ఉంది. అందులో తీసేసిన ప్రతి భాగానికీ ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. ఎప్పుడు తీసింది, ఎందుకు తీసింది, దాని స్థానంలో ఏం వేసింది. పక్కనే పొడుగాటి లెక్కల పుస్తకం. ట్రనియన్లకు నూనె కొట్టిన తేదీలు ఎర్ర సిరాతో.

ఆ పెట్టెలోకి వెళ్ళవలసిన ఒక భాగం మాత్రం పెట్టెలోకి వెళ్ళలేదు. కిందటేడు కార్తీకంలో డిస్ట్రిబ్యూటర్‌లోని పాత పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ముక్క పెట్టారు. తీగలు సరిగ్గా మార్చి, కాయిల్ తీగలు తారుమారు చేసి, డైనమోకు ధ్రువాలు మళ్ళీ కట్టించి, పద్ధతిగానే పెట్టారు. కారు ఎప్పుడూ లేనంత మెత్తగా తిరిగింది. పాత పాయింట్లకు అట్ట కట్టారుగానీ, పెట్టెలో పెట్టడానికి బద్ధకించి డిక్కీలో పడేశారు.

రెండు నెలల తర్వాత సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుండగా, మూడో మలుపు దగ్గర ఇంజను చప్పున ఆగిపోయింది. తుమ్మలేదు, దగ్గలేదు. పాయింట్లు చెడేటప్పుడు ముందే చెప్పి చెడతాయి, ఇది చెప్పలేదు. రోడ్డు పక్కన రాయి పెట్టి, బోనెట్ ముందుకు వాల్చారు. వెనక సీట్లోని పెద్దవాళ్ళు దిగి చెట్టు నీడన కూర్చున్నారు. బరువు దిగడంతో వెనక చక్రాలు మెల్లగా లేచి నిటారుగా నిలబడ్డాయి. ఒరిస్సా వైపునుంచి దిగుతున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరూ క్లీనరూ వచ్చి చూశారు. "పాయింట్లుంటే ఇంతసేపు పట్టేదేటండి!" అన్నాడు డ్రైవరు. డిక్కీలోంచి అవి తీసి చూపిస్తే, అట్టముక్క మీద రాసింది చదివి, నవ్వకుండా తనే పంచె ఎగ్గట్టి ముందు టైరు మీద కూర్చున్నాడు. ఇసక కాగితంతో పాయింట్లు గీకి, పదిహేను థౌ సందు పెట్టడానికి గేజి లేకపోతే అట్టపెట్టె ముక్క మడిచి పెట్టాడు. ఇరవై నిమిషాలకు సెల్ఫ్ కొడితే ఇంజను అందుకుంది.

ఆ పాయింట్లు ఇంకా కారులోనే ఉన్నాయి. ఎలక్ట్రానిక్ ముక్కకు అట్ట కట్టి ట్రంకుపెట్టెలో పెట్టారు, పక్కన ఆ లారీ డ్రైవరు మడిచిన అట్టపెట్టె ముక్క కూడా.